ముప్పై ఏడో వంతుకి నసీబ్ అని పేరు పెట్టకండి



రంజాన్ వచ్చిందంటే మన ఇళ్లలో ఒక హిసాబ్ మొదలవుతుంది. బంగారం ఎంత, బ్యాంకులో ఎంత, దుకాణంలో సరుకెంత, తీర్చాల్సిన ఖర్జా ఎంత. అన్నీ కూడి, తీసేసి, మిగిలిన దాంట్లో నలభయ్యో వంతు పక్కన పెడతాం. నూటికి రెండున్నర. ఏడాదికి ఒక్కసారి. అదీ గరీబుల హక్కు. అయినా మనలో కొందరికి చెయ్యి వెనక్కి లాగుతుంది. "ఆ నెక్లెస్ రోజూ వేసుకునేదే కదా, దానికీ జకాత్ కట్టాలా?" అని ఇమామ్ సాబ్‌ని నాలుగుసార్లు అడుగుతాం.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఇంకో వంతు గురించి. ముప్పై ఏడో వంతు. జకాత్ కన్నా కొంచెం పెద్దది. దీన్ని వసూలు చేసేది ఏడాదికోసారి కాదు, ఒకటిన్నర నిమిషానికోసారి. వెళ్లేది గరీబు ఇంటికి కాదు, క్యాసినో గల్లాలోకి. ఇది ఇచ్చేటప్పుడు మాత్రం ఎవరూ ఏ ఇమామ్ సాబ్‌నీ ఏమీ అడగరు. పైగా ఇచ్చి వచ్చి "నా నసీబ్ బాగాలేదు" అంటారు.

ఆ మాట మీదే నా గొడవంతా.

మా ఆపా కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు. నమాజ్ వదలడు, సిగరెట్ ముట్టడు. నిరుడు ఆఫీసు దోస్తులతో గోవా వెళ్లాడు. పణజిలో మాండవి నది మీద క్యాసినో ఓడలుంటాయి. 1976 నాటి గోవా జూద చట్టానికి తర్వాత చేసిన సవరణలతో అక్కడ అవి కానూన్ ప్రకారమే నడుస్తాయి. మొదటి రాత్రి వాడు పద్నాలుగు వేలు గెలిచాడు. ఆ పద్నాలుగు వేలే వాడి పాలిట దుష్మన్ అయ్యాయి. తర్వాత ఇంకో రెండుసార్లు వెళ్లాడు. మధ్యలో ఫోన్‌లో ఆడాడు. చెల్లెలి నికాహ్ కోసం ఆపా వాడి ఖాతాలో అమానత్‌గా పెట్టిన ₹1,80,000 పోయింది. షాదీఖానాకి అడ్వాన్స్ కట్టాల్సిన వారం వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆపా ఫోన్ చేసి మాట్లాడలేక ఏడ్చింది. నేను వెళ్లేసరికి ఇంటినిండా పెద్దవాళ్లు. చిచ్చా ఒకవైపు, ఖాలూ ఒకవైపు నసీహత్. హరామ్, గునాహ్, షరమ్. వాడు తల వంచుకుని అన్నిటికీ "జీ" అన్నాడు. రాత్రి అందరూ వెళ్లాక మేడ మీద నాతో అన్నాడు: "మామూ, హరామ్ అని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కానీ అక్కడ ఓడిపోయేలాగే లెక్క వేసి పెట్టారని ఎవరూ చెప్పలేదు. నసీబ్ ఆట అనుకున్నా. ఒక్కరోజు తిరిగితే డబ్బు ఖాతాలో వేసేసి తౌబా చేసుకుందామనుకున్నా."

నేను ఇరవై రెండేళ్లు స్కూల్లో లెక్కలు చెప్పాను. పదో తరగతిలో సంభావ్యత పాఠం ప్రతి ఏడూ చెప్పాను. నాణెం ఎగరేస్తే బొమ్మ పడే అవకాశం ఎంత, పేక కట్టలోంచి రాజు వచ్చే అవకాశం ఎంత. పిల్లలకి మార్కులు వచ్చాయి. ఆ లెక్కని ఎవరు, ఎక్కడ, మన జేబు మీద వాడుతున్నారో ఒక్కసారి కూడా చెప్పలేదు. మా ఇంట్లో పెరిగిన పిల్లాడికే చెప్పలేదు. కాబట్టి ఈ మాటల్లో కోపం ఉంటే అందులో సగం నా మీదే.

ఆ రాత్రి వాడితో 37 చీటీలు రాయించాను. 0 నుంచి 36 దాకా. రౌలెట్ చక్రంలో ఉండే గళ్లు అవే. పద్దెనిమిది ఎరుపు, పద్దెనిమిది నలుపు, సున్నా ఒక్కటి ఆకుపచ్చ. ఒక అంకె మీద రూపాయి పందెం కాసి అది వస్తే, క్యాసినో 35 రూపాయలిచ్చి మన రూపాయి మనకి తిరిగిస్తుంది. మొత్తం 36.

"ఇప్పుడు ప్రతి చీటీ మీదా ఒక శనగగింజ పెట్టు" అన్నాను. 37 గింజలు పెట్టాడు.

"ఏ అంకె వచ్చినా నువ్వు గెలుస్తావు కదా?"

"గెలుస్తా మామూ."

"ఎన్ని తిరిగొస్తాయి?"

"ముప్పై ఆరు."

"పెట్టినవెన్ని?"

వాడు మాట్లాడలేదు. ఒక గింజ నా గిన్నెలోకి వచ్చింది. మళ్లీ పెట్టమన్నాను. మళ్లీ ఒకటి వచ్చింది. పది సార్లు ఆడితే పది గింజలు. వాడు ఒక్కసారీ ఓడలేదు, ప్రతిసారీ గెలిచాడు. గెలుస్తూనే పది పోగొట్టుకున్నాడు. ఇందులో నసీబ్ ఎక్కడుంది? ఏ అంకె వస్తే ఏంటి? రావాల్సింది 37 అయితే ఇచ్చేది 36 అని ముందే రాసి పెట్టుకున్నారు. ఆ తక్కువ పెట్టిన ఒక్క గింజనే ఇంగ్లీషులో హౌస్ ఎడ్జ్ అంటారు. పాత జువా అడ్డాల్లో అడ్డా నడిపేవాడు తీసుకునే కోతని ఉర్దూలో నాల్ అనేవారు. మనం కోత అనే అనుకుందాం. నూటికి 2.70.

"కానీ మామూ, అన్ని అంకెల మీదా ఎవరు పెడతారు?" అన్నాడు.

ఒక్కడు పెట్టడు. బల్ల చుట్టూ కూర్చున్న పది మంది కలిసి పెడతారు. నీ పక్కవాడు గెలిచిన డబ్బు నీ డబ్బే. నువ్వు గెలిచిన పద్నాలుగు వేలు వేరే ఎవరో పిల్లాడి ఇంటి అమానత్. మీ చేతుల్లోంచి మీ చేతుల్లోకి డబ్బు తిరుగుతుంటే, తిరిగిన ప్రతిసారీ క్యాసినో ఒక గింజ తీసుకుంటుంది. ఎరుపు-నలుపు మీద కాసినా అంతే. ఎరుపు వచ్చే అవకాశం 37లో 18, రాకపోయే అవకాశం 37లో 19. ఇచ్చేది మాత్రం రెండు వైపులా సమానమన్నట్టు ఒకటికి ఒకటి. అమెరికాలో చాలా చోట్ల చక్రంలో రెండు సున్నాలుంటాయి, మొత్తం 38 గళ్లు. ఇచ్చేది మాత్రం అదే 35. అక్కడ కోత నూటికి 5.26. ఒక్క గడి చేరిస్తే దాదాపు రెట్టింపు.

అందుకే "ఆ క్యాసినోలో మోసం ఉండదు, అంతా సాఫ్" అని ఎవరైనా చెబితే నవ్వొస్తుంది. నిజమే, ధోకా చేయాల్సిన జరూరత్ వాళ్లకి లేదు. చక్రం నిజాయితీగా తిరిగితేనే వాళ్ల లెక్క నిలబడుతుంది.

ఇక్కడ చాలామంది అనే మాట: "నూటికి రెండు రూపాయల డెబ్భై పైసలేగా? పదివేలు తీసుకెళ్తే 270 పోతుంది. హోటల్ టిప్పు కూడా అంతకన్నా ఎక్కువ."

ఇదే పెద్ద గలత్ ఫహ్మీ. కోత పడేది జేబులో ఉన్న డబ్బు మీద కాదు, బల్ల మీద పెట్టిన ప్రతి పందెం మీద. పదివేలు జేబులో ఉన్నవాడు విడతకి ₹500 కాస్తాడనుకోండి. గంటకి నలభై సార్లు చక్రం తిరిగితే, గెలిచింది మళ్లీ పెడుతూ, పోయింది మళ్లీ తీస్తూ, గంటలో కాసిన పందేల మొత్తం ₹20,000. అయిదు గంటలు కూర్చుంటే లక్ష. జేబులో ఉన్నది పదివేలే, కాసింది లక్ష! ఆ లక్ష మీద సగటు కోత ₹2,700. అంటే తెచ్చుకున్న దాంట్లో పావు వంతు పైనే. అక్కడ ఖానా ఉచితంగా పెడతారు, ఆట పాటలు పెడతారు. మిమ్మల్ని గెలవకుండా ఆపాలని ఎవరికీ ఆత్రం లేదు. లేవకుండా కూర్చుంటే చాలు, మిగతా పని లెక్క చేసుకుంటుంది.

"మరి గెలిచి వచ్చినవాళ్లు లేరా?" ఉన్నారు. అబద్ధం ఎందుకు చెప్పాలి? పైన చెప్పినట్టు అయిదు గంటలు, రెండొందల విడతలు ఎరుపు-నలుపు ఆడినవాళ్లలో సుమారు మూడింట ఒకరు లాభంతోనే లేస్తారు. వాళ్లే దావతుల్లో కథలు చెబుతారు. మిగతా ఇద్దరూ ట్రాఫిక్ గురించి మాట్లాడతారు. మా భాంజా మొదటి రాత్రి ఆ మూడో మనిషి.

కానీ ఆ మనిషే పదిసార్లు వెళ్తే? మొత్తం మీద లాభంలో ఉండే అవకాశం పదింట ఒకటికి పడిపోతుంది. వందసార్లు వెళ్తే పదివేల మందిలో ఒక్కడు కూడా మిగలడం కష్టం. ఇది నా షాపం కాదు. యాకోబ్ బెర్నూలీ అనే స్విస్ పండితుడు రుజువు చేసిన సూత్రం ఇది. 1713లో, ఆయన ఇంతఖాల్ తర్వాత అచ్చయిన పుస్తకంలో ఉంది. ఆట ఎన్నిసార్లు ఆడితే ఫలితం అంతగా అసలు లెక్కకి దగ్గరవుతుంది. తక్కువసార్లు ఆడేవాడికి ఊగిసలాట, ఎక్కువసార్లు ఆడేవాడికి లెక్క.

ఎక్కువసార్లు ఆడేది ఎవరు? మీరు కాదు, క్యాసినో. ఒక్క రాత్రి వెయ్యి మంది తలా లక్ష పందెం కాస్తే పదికోట్లు. దాని మీద కోత 27 లక్షలు. నూటికి తొంభై అయిదు రాత్రులు అది 22 లక్షలకీ 32 లక్షలకీ మధ్యే ఉంటుంది. మీకు ఊగిసలాట, వాళ్లకి జీతం. బల్లకి అటువైపు జువా లేదు, ఇటువైపే ఉంది. ఈ ఒక్క ముక్క అర్థమైతే చాలు.

మా వాడి దగ్గర ఒక "సిస్టమ్" కూడా ఉంది. ప్రతి తరంలో ఎవడో ఒకడు దీన్ని కొత్తగా కనిపెట్టానని అనుకుంటాడు. నూరు కాయి. పోతే రెండొందలు కాయి. పోతే నాలుగొందలు. ఎప్పుడో ఒకప్పుడు ఎరుపు రాక మానదు, వచ్చినప్పుడు పోయిందంతా తిరిగొచ్చి పైన నూరు మిగులుతుంది. వినడానికి బాగుంది. ఫోన్‌లో ప్రాక్టీస్ చేస్తే వరసగా యాభై సార్లు నిజమైందట.

కేలండర్ వెనక హిసాబ్ వేశాం. వరసగా ఏడుసార్లు పోతే పోయిన మొత్తం: 100, 200, 400, 800, 1,600, 3,200, 6,400. కలిపితే ₹12,700. ఎనిమిదో పందేనికి ₹12,800 కావాలి. జేబు ఒప్పుకోదు, జేబు ఒప్పుకున్నా బల్ల మీద పందేనికి పై హద్దు రాసి ఉంటుంది. వరసగా ఏడుసార్లు ఎరుపు రాకపోవడం అరుదేమీ కాదు. సుమారు 106 ప్రయత్నాల్లో ఒకసారి. అంటే 105 సార్లు నూరు చొప్పున ₹10,500 గెలుస్తావు, ఒక్కసారి ₹12,700 పోగొట్టుకుంటావు. సిస్టమ్ కోతని తీసేయలేదు, చిన్న చిన్న గెలుపుల వెనక దాచిపెట్టింది. యాభై సార్లు నిజమైంది అంటే, ఆ ఏడు ఓటముల వరస ఇంకా ఎదురు కాలేదు అంతే.

"కానీ ఇన్నిసార్లు నలుపు వచ్చాక ఎరుపు రావాలి కదా మామూ?" ఎందుకు రావాలి? గోళీకి హాఫిజా లేదు. ఇంతకుముందు ఎక్కడ పడిందో దానికి యాద్ ఉండదు. 1913 ఆగస్టు 18న మొనాకోలోని మాంటీ కార్లో క్యాసినోలో వరసగా 26 సార్లు నలుపు వచ్చింది. పదిహేనోసారి దాటాక జనం ఎగబడి ఎరుపు మీద కుమ్మరించారు. ఇప్పుడు తప్పదు, ఇప్పుడు తప్పదు అని. ప్రతిసారీ ఎరుపు అవకాశం అదే 37లో 18. చాలా డబ్బు మునిగింది. చక్రం ఎవరి మీదా జిద్ పట్టలేదు. మనుషులే దానికి ఇన్సాఫ్ చేసే గుణం ఉందనుకున్నారు.

ఇంకొకరు అంటారు, "బ్లాక్‌జాక్ వేరు, అది దిమాగ్ ఆట, కోత నూటికి అర్ధ రూపాయే." సరే. ప్రతి ముక్కకీ లెక్క ప్రకారం సరైన ఎత్తు వేసినవాడికి, అనుకూలమైన నియమాలున్న బల్ల మీద మాత్రమే ఆ అర్ధ రూపాయి. ఒక్క నియమం మార్చి, బ్లాక్‌జాక్ వచ్చినవాడికి రెండుకి మూడు బదులు అయిదుకి ఆరు ఇస్తే కోతకి ఇంకో 1.4 తోడవుతుంది. దిమాగ్‌తో నిజంగా గెలవొచ్చని ఎడ్వర్డ్ థార్ప్ అనే లెక్కల ప్రొఫెసర్ 1962లో పుస్తకమే రాశాడు. అప్పుడు క్యాసినోలు ఏం చేశాయి? పేక కట్టలు పెంచాయి, ముక్కలు లెక్కపెట్టేవాళ్లని బయటికి పంపాయి. ఆలోచించండి. నసీబ్ నమ్ముకుని వచ్చేవాడికి సలామ్ కొట్టి కుర్చీ వేస్తారు. హిసాబ్ తెలిసి వచ్చేవాడికి తలుపు చూపిస్తారు.

గోవా దాకా ఎందుకు? మన గల్లీల సంగతి చూద్దాం. సంక్రాంతికి కోడిపందేల బరుల పక్కన గుండాట బల్లలుంటాయి. ఆరు బొమ్మలు, మూడు పాచికలు. మీ బొమ్మ ఒకదాని మీద పడితే రూపాయికి రూపాయి, రెండిటి మీద పడితే రెండు, మూడిటి మీద పడితే మూడు. "ఆరు బొమ్మలకి మూడు పాచికలు, అంటే సగం సగం" అనిపిస్తుంది. అనిపించేలా పెట్టారు. మూడు పాచికలు 216 రకాలుగా పడతాయి. అందులో 125 సార్లు మీ బొమ్మ అసలు కనపడదు. గెలుపులన్నీ కూడితే 108, ఓటములు 125. కోత నూటికి 7.87. మాంటీ కార్లో కన్నా మన తిరనాళ్ల బల్ల దాదాపు మూడు రెట్లు ఎక్కువ తింటుంది.

మట్కా ఇంకా సాదా. పది అంకెల్లో ఒకటి చెప్పాలి, తగిలితే రూపాయికి తొమ్మిది. ఇవ్వాల్సింది పది. రూపాయికి పది పైసలు బీటర్ దగ్గరే ఆగిపోతాయి. దీనికి కలలో వచ్చిన అంకెలు, చార్టులు, దర్గా దగ్గర కనిపించిన బండి నంబరు! ఔలియాల దగ్గరికి వెళ్లి పదికి తొమ్మిదిచ్చే లెక్కలో బరకత్ అడిగేవాళ్లున్నారు. అల్లాహ్ మాఫ్ చేయాలి.

క్యాసినోలో అందర్ బాహర్ కూడా ఉంది, మన లోనా-బయటా ఆటే. మొదటి ముక్క పడే వైపు గెలిచే అవకాశం నూటికి సుమారు 51.5. అందుకే ఆ వైపు గెలిస్తే రూపాయికి తొంభై పైసలే ఇస్తారు, రెండో వైపుకి పూర్తి రూపాయి ఇస్తారు. రెండిటిలో ఏది ఎంచుకున్నా కోత నూటికి రెండు మూడు రూపాయల మధ్యే. రెండు తలుపులు పెట్టి రెండిటి దగ్గరా టోల్ గేటు కట్టినట్టు.

రమ్మీ సంగతి వేరంటారు. అది హునర్ ఆట అని సుప్రీంకోర్టు 1967లోనే, మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే చెప్పింది. కాదనను. కానీ డబ్బు పెట్టి ఆడించేవాడు ప్రతి ఆట నుంచీ వాటా తీసుకుంటే హునర్ ఎవరిదైనా గల్లా అతనిదే. అయిదుగురు దోస్తులు తలా వెయ్యి తెచ్చుకుని, ఆటకి తలా నూరు వేస్తే అయిదొందలు. అందులో పదో వంతు, యాభై, నిర్వాహకుడికి. అలా నూరు ఆటలాడితే అతనికి చేరేది అయిదు వేలు, అందరూ కలిసి తెచ్చుకున్నంత. అయిదుగురిలో ఎవరు బాగా ఆడారన్నది అప్పుడు దావత్‌లో చర్చించుకోవచ్చు.

ఇక ఫోన్. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల మీద నిషేధం పెట్టాయి. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. అయినా ఎవరో లింకు పంపుతారు, ఎరుపా ఆకుపచ్చా అని అడుగుతుంది, నిమిషానికో పందెం. క్యాసినోలో కనీసం చక్రం కంటికి కనపడుతుంది, గళ్లు లెక్కపెట్టుకోవచ్చు. ఫోన్‌లో చక్రమే లేదు. తెర వెనక రాసినవాడు ఏది రమ్మంటే అది వస్తుంది. మొదట గెలిపిస్తారు, గెలిచింది తీసుకోబోతే ఇంకొంత కట్టమంటారు. అది జువా కూడా కాదు, సీదా చోరీ. మా వాడి డబ్బులో సగానికి పైన పోయింది అక్కడే.

ఇప్పుడు నాకు ఎదురయ్యే రెండు గట్టి సవాళ్లకి జవాబ్ చెప్పాలి.

మొదటిది: "సినిమాకి మూడొందలు పెట్టమా? ఇదీ తఫ్రీహే. పోతే పోయిందనుకునే వెళ్తాం." సినిమా హాల్లో టికెట్ ధర గోడ మీద ఉంటుంది. మూడు గంటలు కూర్చున్నా మూడొందలే. పోయిన మూడొందలు తిరిగి సంపాదించుకోవడానికి రెండో ఆట టికెట్ కొనమని ఎవరూ ఆశపెట్టరు. క్యాసినో బోర్డు మీద "ఇక్కడ కూర్చోవడానికి సగటున గంటకి ₹540, ఎంత సేపు కూర్చుంటే అంత" అని రాయమనండి. రాసిన రోజు తఫ్రీహ్ అని పిలుద్దాం. ఒకే ఒక్కసారి వెయ్యి రూపాయలతో వెళ్లి లేచి వచ్చేసినవాడి ఇల్లు కూలదని నాకూ తెలుసు. అలా వచ్చేసేవాళ్లతో ఆ వ్యాపారం నడవదని వాళ్లకీ తెలుసు.

రెండోది: "తిజారత్‌లో కూడా రిస్క్ ఉంది కదా?" ఉంది. రంజాన్‌కి ఖర్జూరాలు తెప్పించిన దుకాణదారుకి నుక్సాన్ రావొచ్చు. మామిడి తోటకి గాలివాన రావొచ్చు. కానీ అక్కడ ఖర్జూరం ఎవరో తిన్నారు, మామిడి ఎవరి ఇంటికో చేరింది. అమ్మినవాడికీ కొన్నవాడికీ ఇద్దరికీ ఫాయిదా ఉండే దారి ఉంది. రౌలెట్ బల్ల మీద రాత్రంతా తిరిగాక కొత్తగా తయారైంది ఒక్క గింజ కూడా లేదు. ఒకరి జేబు నుంచి ఇంకొకరి జేబుకి, మధ్యలో కోత. తిజారత్‌లో లెక్క తెలిసినవాడికి మేలు. ఇక్కడ లెక్క తెలిసినవాడు కూర్చోనే కూర్చోడు.

ఖుర్‌ఆన్‌లో సూరా మాయిదా 90వ ఆయత్ జువాని మనాయీ చేసింది. అది అందరికీ కంఠతా వచ్చు. కానీ సూరా బఖరా 219వ ఆయత్‌ని ఒకసారి ఆగి చదవండి. శరాబ్, జువాల గురించి చెబుతూ వాటిలో మనుషులకి కొంత ఫాయిదా ఉందన్న మాటని అది దాచలేదు. ఫాయిదాని ఒకవైపు, గునాహ్‌ని ఒకవైపు పెట్టి ఏది బరువో తూచి చూపింది. అల్లాహ్ తన బందాలకి తూచి చెప్పిన విషయాన్ని మనం పిల్లలకి తూచకుండా, కళ్లెర్రజేసి ఒక్క ముక్కలో ముగిస్తున్నాం. "హరామ్, అంతే." హరామ్ అన్నది పూర్తి జవాబే, నా ఈమాన్‌కి అది కాఫీ. కానీ ఇరవై అయిదేళ్ల కుర్రాడి చేతిలో ఫోన్ ఉంది, జీతం ఉంది, పక్కన గెలిచిన దోస్తు ఉన్నాడు. నఫ్స్ వాడి చెవిలో "ఒక్కసారి గెలిచి తౌబా చేసుకో" అంటున్నప్పుడు, "గెలిచి" అన్న మాటే అబద్ధమని వాడికి తెలిసి ఉండాలి. అది చెప్పే బాధ్యత ఎవరిది?

లెక్క మనకి పరాయిది కాదు. తొమ్మిదో శతాబ్దంలో బగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ బీజగణితం మీద రాసిన కితాబ్‌లో పెద్ద భాగం వసియత్, విరాసత్ పంపకాల లెక్కలే. భార్యకి ఎనిమిదో వంతు, తల్లికి ఆరో వంతు అని ఆస్తి పంచుకునే ఖౌమ్ మనది. ఆరో వంతు, ఎనిమిదో వంతు, నలభయ్యో వంతు తెలిసినవాళ్లకి ముప్పై ఏడో వంతు అర్థం కాదా? చెప్పలేదు కాబట్టి అర్థం కాలేదు.

తఖ్దీర్ మీద ఈమాన్ మన దీన్‌లో భాగం. అందుకే అడుగుతున్నాను, ఒక కంపెనీ కూర్చుని 37కి 36 ఇవ్వాలని రాసుకున్న పట్టికని తఖ్దీర్ అని ఎలా పిలుస్తాం? అది అల్లాహ్ రాసింది కాదు, వాళ్ల మునీమ్ రాసింది. ఓడిపోయి వచ్చి "నా నసీబ్‌లో లేదు" అనేవాడు తెలియకుండానే మునీమ్ పనిని రబ్బుల్ ఆలమీన్ మీద వేస్తున్నాడు. గెలిచి వచ్చి "అల్లాహ్ ఇచ్చాడు" అనేవాడు ఇంకా పెద్ద మాట అంటున్నాడు.

కాబట్టి తల్లిదండ్రులకి, మదర్సా ఉస్తాదులకి, స్కూలు మాస్టర్లకి ఒకటే దర్‌ఖ్వాస్త్. ఒక ఆదివారం దస్తర్‌ఖాన్ ఎత్తేశాక 37 చీటీలు రాయండి. పాచికలు వద్దు, డబ్బు వద్దు, గెలుపు ఓటములు అసలే వద్దు. ప్రతి చీటీ మీదా గింజ పెట్టించండి, ఒకటి తీయించండి, 36 తిరిగివ్వండి. ఆ ఒక్క గింజ ఎక్కడికి పోయిందో పిల్లల్నే చెప్పనివ్వండి. పదేళ్ల పిల్లకి కూడా అయిదు నిమిషాల్లో అర్థమవుతుంది. దీనికి గంట సేపు బయాన్ అక్కర్లేదు.

మా ఇంటి సంగతి చెప్పి ముగిస్తాను. షాదీఖానా మానేసి భాంజీ నికాహ్ మస్జిద్‌లో చేశాం. ఇంటి దగ్గర చిన్న దావత్. అల్హందులిల్లాహ్, అబ్బాయి తరఫు వాళ్లు మంచివాళ్లు, ఒక్క మాట అనలేదు. ఆపా గాజులు రెండు తక్కువగా ఉన్నాయి, దాని గురించి ఆమె మాట్లాడదు. వాడు మాత్రం జీతం పడిన రోజే నెలకి ₹15,000 చొప్పున ఆమె ఖాతాలో వేస్తున్నాడు. పన్నెండు నెలలు. ఏడు అయ్యాయి.

ఆ లెక్కలో కోత లేదు. వేసింది వేసినట్టే చేరుతుంది.